స్లాబు వేడికి బజారు మందులు: థర్మల్ షీటు, తెల్ల కోటింగు, బబుల్ ఫాయిల్, తలుపు సీళ్లు – ఏది ఎంత పనిచేస్తుంది?

మే నెలలో నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో పై అంతస్తు గదిలో రాత్రి తొమ్మిదింటికి స్టూలెక్కి సీలింగుకు అరచెయ్యి ఆనించి చూడండి. గోడ గోరువెచ్చగా ఉంటుంది, సీలింగు మాత్రం చురుక్కుమంటుంది. పగలంతా తాగిన ఎండను అయిదంగుళాల కాంక్రీటు సాయంత్రం నుంచి మెల్లగా కిందికి వదులుతుంది. బయట కాస్త గాలి తిరిగినా లోపల ఉడుకు తగ్గనిది అందుకే. ఫ్యాను ఆ ఉడుకునే మంచం మీదికి తోస్తుంది. ఏసీ దాంతోనే అర్ధరాత్రి దాకా కొట్లాడుతుంది.

ఈ వేడికి మందులని చెప్పి అమ్మేవి ఇప్పుడు ప్రతి హార్డ్‌వేర్ దుకాణంలోనూ ఉన్నాయి. మా తీర్పు ముందే చెప్తాం. వేడిని స్లాబు పైనే ఆపే సరుకుకు మార్కులు ఎక్కువ, స్లాబు కింద దాచిపెట్టే సరుకుకు తక్కువ. తలుపు సందులు మూసే సామాను ధరకు మించి పనిచేస్తుంది, కాకపోతే ఏసీ గదికే. కూలర్ గదిలో అదే సామాను చెడు చేస్తుంది.

ముందు ఒక చిన్న లెక్క. 10×12 అడుగుల గది పైకప్పు సుమారు 11 చదరపు మీటర్లు. ఎండలో స్లాబు పైముఖం సగటున 55 డిగ్రీలు, గదిలో 26 డిగ్రీలు ఉన్నాయనుకుంటే, ఏ అడ్డూ లేని అయిదంగుళాల స్లాబు గుండా దాదాపు 1,300 వాట్ల వేడి కిందికి దిగుతుంది. ఒక టన్ను ఏసీ లాగగలిగే వేడి 3,517 వాట్లు. అంటే టన్ను ఏసీ శక్తిలో మూడో వంతుకు పైగా ఒక్క పైకప్పే తినేస్తుంది. అదే స్లాబు మీద 50 మి.మీ. ఎక్స్‌పీఎస్ (వేడిని ఆపే గట్టి ఫోమ్) షీటు పరిస్తే 1,300 కాస్తా 170 వాట్ల దగ్గరికి పడిపోతుంది. స్లాబు వేడిని దాచుకుని ఆలస్యంగా వదలడం ఈ లెక్కలో లేదు, కానీ ఏది ఎంత పెద్దదో తెలియడానికి ఇది చాలు.

బిల్లు వైపు నుంచి చూసినా ఈ తేడా చిన్నది కాదు. తెలంగాణ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వచ్చే ఇంట్లో, ఎండాకాలం మీటరు 205 చూపించిందంటే ఆ నెల అయిదు యూనిట్లకు కాదు, మొత్తానికీ కట్టాలి. అలాంటి ఇంటికి నెలకు ముప్పై నలభై యూనిట్లు తగ్గడమంటే బిల్లు రావడం, రాకపోవడం అన్నంత తేడా.

ఎక్స్‌పీఎస్ షీటు: ఏసీ ఉన్న ఇంటికి మొదటి స్థానం

దుకాణంలో ‘థర్మల్ షీటు’, ‘ఫోమ్ బోర్డు’ అని అడిగితే రెండు రకాలు చూపిస్తారు. ఒకటి మామూలు థర్మోకోల్, రెండోది ఎక్స్‌పీఎస్. రంగును చూసి నమ్మొద్దు. నీలం, గులాబీ, పచ్చ ఏదైనా కంపెనీ ఇష్టం. మూల విరిచి చూడండి. సగ్గుబియ్యం అతికినట్టు గుండ్లు గుండ్లుగా రాలితే థర్మోకోల్. బన్ను కోసినట్టు సన్నటి గుల్లతో ఒకే రీతిగా ఉంటే ఎక్స్‌పీఎస్. కొత్తలో రెండూ వేడిని బాగానే ఆపుతాయి. తేడా నీళ్ల దగ్గర తెలుస్తుంది. తక్కువ సాంద్రత థర్మోకోల్ గుండ్ల మధ్య నీళ్లు చేరతాయి, పైన నడిస్తే అణిగిపోతుంది. తడిసిన షీటు వేడిని ఆపదు. స్లాబు మీద వేయడానికి థర్మోకోల్ వద్దు, ఎంత చవకైనా సరే.

ఎక్స్‌పీఎస్‌లోనూ బరువు చూడాలి. ఘనమీటరుకు 30 నుంచి 35 కిలోల సాంద్రత అడగండి. బిల్లు మీద రాయించుకోవడమే కాదు, తూకం వేయించండి. 4×2 అడుగుల షీటు, 50 మి.మీ. మందం, 32 సాంద్రత అయితే దాదాపు 1.2 కిలోలు తూగాలి. 800 గ్రాములే తూగిందంటే సాంద్రత 21, 22 దగ్గర ఉన్నట్టు. కిరాణా దుకాణం కాటా మీద అర నిమిషం పని ఇది. దీనికి మొహమాటపడితే షీటు పదేళ్లపాటు కాంక్రీటు కింద ఉంటుంది, మళ్లీ చూసే వీలుండదు.

మందం ఎంత? నివాస భవనాల ఇంధన నియమావళి ఎకో నివాస్ సంహిత 2018లో పైకప్పు గుండా దిగే వేడికి పెట్టిన గరిష్ఠ పరిమితి చదరపు మీటరుకు డిగ్రీకి 1.2 వాట్లు. అడ్డు లేని స్లాబుకు ఇది 3.4 దగ్గర ఉంటుంది. 25 మి.మీ. షీటుతో 0.9కి వస్తుంది, 50 మి.మీ.తో 0.5కి. మొదటి అంగుళంతోనే సింహభాగం లాభం వచ్చేస్తుందన్నమాట. ఏసీ రాత్రంతా నడిచే ఇంటికి 50 వేయించండి, లేదంటే 25 చాలు. 50 వేసేటప్పుడు ఒకే మందపు షీటు కంటే రెండు 25లను కిందా పైనా అతుకులు తప్పించి వేస్తే, అతుకుల్లోంచి వేడి సూటిగా దిగదు.

పని వరుస తప్పితే మాత్రం ఇంత మంచి సరుకూ దండుగే. స్లాబు పగుళ్లను వి ఆకారంలో చెక్కి పాలిమర్ మోర్టారుతో నింపాలి. పిట్టగోడ, స్లాబు కలిసే మూల వెంట గోలా (గుండ్రటి మోర్టారు అంచు) కొట్టాలి. వాలు వందకు ఒకటి ఉండాలి, అంటే పదడుగులకు అంగుళంపావు. వాలు లేకపోతే దాన్ని షీటు కిందే సరిచేయాలి. వాటర్‌ప్రూఫింగ్ పూత ఆరాక, నీళ్లు పోయే గొట్టాలు మూసి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి కింద గదిలో చెమ్మ చూడాలి. ఈ పరీక్ష మానేసిన చోటే గొడవలు మొదలవుతాయి. షీటూ, పైన కాంక్రీటూ వేశాక కారితే, కారేది ఒక చోట, తడి కనపడేది పది అడుగుల అవతల. అప్పుడు మొత్తం తవ్వాల్సిందే.

ఆ తర్వాత షీట్లు ఇటుక వరసల్లాగా అతుకులు కలవకుండా పరచాలి. ఇక్కడ ఒక చిన్న తప్పు షీటునే తినేస్తుంది. కొందరు మేస్త్రీలు షీటు కదలకుండా తారు ప్రైమరో, రబ్బరు సొల్యూషనో పూస్తారు. థిన్నర్, పెట్రోలు లాంటి ద్రావకాలున్న జిగురు తగిలితే షీటు ఐస్‌క్రీంలా కరిగి గుంటలు పడుతుంది. ముందు ఒక ముక్క మీద పూసి గంట ఆగి చూడండి. అసలు జిగురు లేకుండా పరిచినా నష్టం లేదు, పైన పడే కాంక్రీటు బరువే పట్టి ఉంచుతుంది. షీట్లు పరిచాక కాంక్రీటుకు వారాల తరబడి ఆగొద్దు, ఎండకు పైపొర పొడిపొడిగా రాలుతుంది. కోతులున్న ఊళ్లో అయితే రెండు రోజులు కూడా వద్దు. పీకి ముక్కలు చేయడం వాటికి ఆట.

షీటు మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ, దాని మీద కోడి జాలీ, ఆ మీద కనీసం 50 మి.మీ. కాంక్రీటు. దీన్ని పది అడుగుల గళ్లుగా విడదీసి సందుల్లో సీలెంటు నింపాలి. గళ్లు పెట్టకుండా ఒకే పలకగా పోస్తే ఎండకు సాగి పగులుతుంది, ఒక్కోసారి పిట్టగోడనే తోస్తుంది. కింద షీటు ఉండటంతో ఈ కాంక్రీటుకు వేడి దిగే దారి లేదు, మామూలు గచ్చుకంటే ఎక్కువగా కాలుతుంది. అందుకే గళ్లు తప్పనిసరి. ఏడు రోజులు నీళ్లు పట్టాలి. పైన తెల్ల టైల్సో, తెల్ల ముక్కల మొజాయికో వేస్తే రెండు పనులూ ఒకేసారి అయినట్టు.

ఇక లోపాలు. 50 మి.మీ. కాంక్రీటు చదరపు అడుగుకు 11 కిలోలకు పైగా బరువు. 1,000 అడుగుల స్లాబు మీద 11 టన్నులు కొత్తగా పెడుతున్నట్టు. పాతికేళ్లు దాటిన స్లాబు, చువ్వలు బయటపడిన స్లాబు అయితే ఇంజినీరు చూడకుండా ఈ పని తలపెట్టొద్దు. నేల మట్టం నాలుగంగుళాలు లేస్తుంది. మెట్ల గది గడప, నీళ్ల గొట్టం మూతి, పిట్టగోడ ఎత్తు అన్నీ చూసుకోవాలి. గడప కన్నా డాబా నేల ఎత్తయిందంటే మొదటి వానకే నీళ్లు మెట్ల మీదుగా దిగుతాయి. ఖర్చు తెల్ల కోటింగుకు నాలుగైదు రెట్లకు తక్కువ కాదు.

ఇంకొకటి చాలామంది అమ్మకందార్లు చెప్పనిది: ఏసీ లేని ఇంట్లో ఎక్స్‌పీఎస్ లాభం సగమే తెలుస్తుంది. పగలు వేడి దిగకుండా ఆపే షీటే, రాత్రి స్లాబు ఆకాశంలోకి వేడి వదలకుండా కూడా ఆపుతుంది. గోడల్లోంచి, కిటికీల్లోంచి వచ్చిన వేడి లోపలే తిరుగుతుంది. రాత్రి కిటికీలన్నీ బార్లా తెరిచి గాలాడించే ఇంటికి షీటు పనికొస్తుంది. దొంగలు, దోమల భయంతో మూసి పడుకునే ఇంటికి, ఏసీ కూడా లేకపోతే, ఆ డబ్బు పెట్టొద్దు. తెల్ల కోటింగుతో ఆగండి.

తెల్ల కోటింగు: రూపాయికి ఎక్కువ చల్లదనం

ఇది వేడిని ఆపదు, ఎండను తిప్పికొడుతుంది. మామూలు సిమెంటు స్లాబు పడ్డ ఎండలో సుమారు 70 శాతం తాగుతుంది. కొత్త తెల్ల కోటింగు 20 శాతమే తాగుతుంది. రాత్రి చల్లబడటానికి అడ్డూ రాదు. అందుకే ఏసీ లేని ఇళ్లకు మా మొదటి ఓటు దీనికే.

కొనేటప్పుడు డబ్బా మీద ‘వాటర్‌ప్రూఫ్’ అని ఉన్నదల్లా కూల్ కోటింగు కాదు. ఏషియన్ పెయింట్స్ డ్యాంప్ ప్రూఫ్, డాక్టర్ ఫిక్సిట్ రూఫ్‌సీల్ లాంటివి మొదట నీళ్లు ఆపడానికి చేసిన సాగే పూతలు. వాటిలో తెలుపు తీసుకుంటే చల్లదనం కూడా వస్తుంది. అదే పూత బూడిదరంగులోనో ఇటుకరంగులోనో తీసుకుంటే నీళ్లు ఆగుతాయి, ఎండ ఆగదు. మట్టి కనపడదని ఇటుకరంగు ఎంచుకునేవాళ్లు చాలామంది, వాళ్లు కొన్నది వాటర్‌ప్రూఫింగ్ ఒక్కటే. కూల్ రూఫ్ అని ప్రత్యేకంగా అమ్మేదానికి ఎస్ఆర్ఐ అనే అంకె అడగండి, ఎండను తిప్పికొట్టి చల్లగా ఉండే శక్తికి కొలత అది. మంచి తెల్ల పూతకు కొత్తలో అది 100 దాటుతుంది. పరీక్ష రిపోర్టు చూపించలేని సరుకును మామూలు తెల్ల పూత ధరకు మించి కొనొద్దు.

1,000 అడుగుల స్లాబుకు రెండు చేతులు వేయాలంటే 35 నుంచి 40 లీటర్లు పడుతుంది, అంటే 20 లీటర్ల బకెట్లు రెండు. పెయింటరు ‘ఒక్క బకెట్ చాలు సార్’ అన్నాడంటే మిగతా సగం నీళ్లు కలుపుతాడని అర్థం. మొదటి చెయ్యి ప్రైమరులా పల్చగా ఉండొచ్చు, తర్వాతవి డబ్బా మీద రాసినదానికి మించి పల్చబడకూడదు. పల్చటి పూత మొదట్లో తెల్లగానే కనపడుతుంది, రెండో ఎండాకాలానికి కాళ్లకు అంటుకుని వస్తుంది.

పొరలు లేవడం దీనికి వచ్చే పెద్ద రోగం, దాదాపు ప్రతిసారీ కారణం కింద ఉన్న చెమ్మో, దుమ్మో. నాచు నల్లబడిన స్లాబును బ్లీచింగ్ పౌడరు నీళ్లతో నానబెట్టి ఇనుప బ్రష్షుతో గీకి కడగాలి. ఆరిందో లేదో తెలుసుకోవడానికి రెండడుగుల ప్లాస్టిక్ కవరును నాలుగు వైపులా టేపుతో అతికించి ఒక రాత్రి ఉంచండి. పొద్దున కవరు లోపల నీటి బొట్లుంటే ఆరలేదు. కొత్త స్లాబు, కొత్త గిలాబు అయితే 28 రోజులు పోనివ్వాలి. మధ్యాహ్నం పన్నెండింటికి కాలుతున్న స్లాబు మీద పూస్తే పైన తోలు కట్టి లోపల బుడగలొస్తాయి. పొద్దున తొమ్మిది లోపు, లేదా సాయంత్రం నాలుగు తర్వాత. నెల విషయానికొస్తే ఫిబ్రవరి, మార్చి మొదటి సగం.

తర్వాత దుమ్ము. దక్షిణ తెలంగాణలో తెల్ల కోటింగు సంగతి దుమ్మే తేలుస్తుంది. మిర్యాలగూడలో రైస్ మిల్లుల బూడిద, వాడపల్లి వైపు సిమెంటు దుమ్ము, రోడ్డు పక్క ఇళ్లకు టిప్పర్ల మట్టి. ఒక్క ఏడాదిలో తెలుపు బూడిదరంగుకు తిరుగుతుంది, తిప్పికొట్టే శక్తి దాంతోపాటే పోతుంది. సంక్రాంతి ముగ్గులయ్యాక ఒకసారి, ఉగాది ముందు ఒకసారి సబ్బు నీళ్లతో మెత్తటి చీపురుతో కడిగితే చాలావరకు తిరిగొస్తుంది. డాబా మీద మిరపకాయలు, వడియాలు ఎండేసేవాళ్లు కింద చీర పరచండి, లేదా అందుకు ఒక మూల వదిలేయండి. మిరప మరక సబ్బుకు పోదు.

ఇక సున్నం. మన పెద్దలు వాడిన ఈ చవక మందును తీసిపారేయలేం. వేడి బాధ మార్చి నుంచి జూన్ దాకానే. సున్నం కూడా సరిగ్గా అప్పటిదాకానే ఉంటుంది, వానలకు కొట్టుకుపోతుంది. ఏటా వేసే ఓపిక ఉంటే అద్దె ఇంటివాళ్లకు ఇదే మేలు. వడగట్టిన సున్నంలో జిగురుకు పెయింట్ల బైండరు కొంచెం కలపండి, రెండు చేతులు వేయండి. రాయి సున్నం నానబెట్టేటప్పుడు నీళ్లు సలసలా కాగుతాయి. కళ్లద్దాలు లేకుండా, పిల్లల్ని దగ్గర ఉంచుకుని చేసే పని కాదది. వాన నీళ్లు సంపులోకి పట్టే ఇంట్లో మొదటి రెండు వానల నీళ్లు వదిలేయండి.

2023 ఏప్రిల్‌లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ విధానం ప్రకారం 600 చదరపు గజాలు, ఆపైన ఉన్న స్థలాల్లో కట్టే కొత్త ఇళ్లకు ఇలాంటి పైకప్పు తప్పనిసరి. అంతకన్నా చిన్న స్థలాలకు ఐచ్ఛికం. మన పట్టణాల్లో 150, 200 గజాల ఇళ్లే ఎక్కువ కాబట్టి చాలామందికి ఇది సొంత నిర్ణయమే.

రేకుల ఇల్లూ, బబుల్ ఫాయిలూ

ఎక్కువ మోసం జరిగేది ఈ ఫాయిల్ దగ్గర. సరుకు చెడ్డదని కాదు, వాడే తీరు చెడ్డది. నాలుగు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ బుడగల పొరకు అల్యూమినియం తొడుగు వేసినది ఇది. బుడగలు ఆపే వేడి చాలా తక్కువ. పని చేసేదంతా మెరిసే ముఖమే. వేడెక్కిన రేకు కొలిమిలా కిందికి వేడి కొడుతుంది. మెరిసే ముఖం దాన్ని పట్టదు, తనదాన్ని వదలదు. అయితే ఆ ముఖం ముందు గాలి ఖాళీ ఉండాలి, కనీసం అంగుళం. రేకుకూ ప్లైవుడ్‌కూ మధ్య ఫాయిల్‌ను ఇరికించి బిగించేశారంటే అది వట్టి ప్లాస్టిక్ కాగితం. వేడి ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకిపోతుంది. కొత్తగా రేకులు వేసేటప్పుడు పైపుల మీద ఫాయిల్‌ను ఒకటి రెండు అంగుళాలు వేలాడేలా వదులుగా పరిచి, పైన రేకు బిగిస్తే సరైన పద్ధతి. ఉన్న రేకులకైతే కింద సన్నటి చట్రం కట్టి, ఖాళీ వదిలి, మెరిసే ముఖం కిందికి ఉండేలా కొట్టాలి. పైకి తిరిగిన ముఖం మీద దుమ్ము పడుతుంది, దుమ్ము పడ్డాక మెరుపు లేదు, పనీ లేదు.

దుకాణంలో లేజర్ థర్మామీటరు గన్ను పెట్టి ‘రేకు 62, ఫాయిల్ 34, చూడండి సార్’ అంటారు. ఆ అంకెను లెక్కలోకి తీసుకోవద్దు. ఆ గన్ను వస్తువు వదిలే వేడి కిరణాలను చూసి లెక్కగడుతుంది. మెరిసే లోహం కిరణాలు వదలదు కాబట్టి అది ఎంత కాలుతున్నా గన్ను తక్కువే చూపిస్తుంది. ఫాయిల్ మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి దాని మీద కొట్టమనండి. నిజం రెండు నిమిషాల్లో తెలుస్తుంది.

మంట విషయం కూడా: మామూలు ఫాయిల్ లోపలున్నది పాలిథిన్, అంటుకుంటుంది. కట్టెల పొయ్యి, గ్యాసు పొయ్యి పైన వేయొద్దు.

నిజానికి సిమెంటు రేకులకు మొదట వేయాల్సింది ఫాయిల్ కాదు, పైన తెల్ల కోటింగే. దాని తర్వాతే కింద ఫాయిల్ గురించి ఆలోచించండి. కడిగేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఆస్‌బెస్టాస్ కలిసిన రేకును పొడిగా గీకడం, ఇనుప బ్రష్షు, గ్రైండరు పెట్టడం ఊపిరితిత్తులకు ప్రమాదం. నీళ్లతో బాగా తడిపి మెత్తటి బ్రష్షుతో, మాస్కు పెట్టుకుని కడగాలి. రేకు మీద నేరుగా అడుగు పెట్టొద్దు. కింది పైపులు రెంటి మీదా ఆనేలా పలక వేసి దాని మీద కూర్చుని పని చేయాలి.

గద్వాల, నారాయణపేట వైపు ఇంకా మిగిలిన మట్టి మిద్దెలున్నవాళ్లు ఈ అధ్యాయం మొత్తం వదిలేయొచ్చు. దూలాలు, దంతెల మీద అంత మందాన మట్టి ఉన్న కప్పుకు అమ్మాల్సిన మందు ఏదీ బజారులో లేదు. కారకుండా చూసుకుంటే చాలు. దాన్ని కూల్చి రేకులు వేసుకుని, ఆ రేకుల కింద ఫాయిల్ కొట్టించుకోవడం చూస్తే మాత్రం ఏమనాలో తెలియదు.

ఫాల్స్ సీలింగ్, స్ప్రే ఫోమ్ గురించి క్లుప్తంగా. వేడి తగ్గుతుందని జిప్సం సీలింగ్ వేయించుకుంటే డబ్బు అందానికి పెట్టినట్టే. పలక, మధ్య గాలి కలిసి కొంచెం ఆపుతాయి, అంతే. పైన 50 మి.మీ. గాజు ఉన్ని పరిస్తే లెక్క మారుతుంది. కానీ లైట్ల కోసం పది రంధ్రాలు కోసి, రంధ్రం చుట్టూ ఉన్ని తీసేస్తే ఆ లాభం అక్కడే కారిపోతుంది. డాబా మీద హక్కు లేని ఫ్లాటు వాళ్లకు ఇది తప్పనిసరి మార్గం. పీయూ స్ప్రే ఫోమ్ గుణంలో అన్నిటికంటే మేటి. ఇంటి పనికి మాత్రం చిక్కు. ఎండ తగిలితే పసుపెక్కి పొడి రాలుతుంది కాబట్టి మీద రక్షణ పూత తప్పదు. గాలి వీచే రోజు పని పెట్టుకుంటే పక్కింటి కారు మీద కూడా ఫోమ్ పడుతుంది. చిన్న డాబాకు సామాను మొత్తం తెచ్చి పని చేసే కాంట్రాక్టర్లు తక్కువ.

తలుపు సీళ్లు, సందులు

మూడడుగుల తలుపు కింద అరంగుళం సందు ఉంటే మొత్తం 18 చదరపు అంగుళాలు. గోడకు నాలుగు అంగుళాల వెడల్పు, నాలుగున్నర ఎత్తు రంధ్రం కొట్టి వదిలేసినట్టు. దానికి తోడు చల్లగాలి బరువుగా నేల మీదే పారుతుంది, ముందు పోయేది ఆ సందులోంచే.

కొనే ముందు ఇల్లు పరీక్షించండి. బాత్‌రూము ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, గది కిటికీలు మూసి, అగరబత్తి వెలిగించి దర్వాజ అంచుల వెంట, కిటికీ రెక్కలు కలిసే చోట, ఏసీ గొట్టం దగ్గర మెల్లగా తిప్పండి. పొగ ఎక్కడ వంకరపోతే అక్కడ సందు. దీనికి పైసా ఖర్చు లేదు. చాలా ఇళ్లలో ఈ పరీక్షలో దొరికే పెద్ద దొంగ ఏసీ గొట్టం రంధ్రమే. మూడంగుళాల రంధ్రంలో రెండు రాగి గొట్టాలు దూర్చి, బయట తెల్ల పుట్టీ అద్ది, లోపల మూత పెట్టి వెళ్లిపోతారు. పుట్టీ రెండు ఎండాకాలాలకు ఎండి ఊడుతుంది. బల్లులు, చీమలు, వేడిగాలి మూడూ అదే దారిన వస్తాయి. పీయూ ఫోమ్ డబ్బా ఇక్కడ సరైన మందు. రంధ్రం లోపల నీళ్లు చిలకరించి సగం మాత్రమే నింపండి, అదే ఉబ్బి నిండుతుంది. ఆరాక కోసి, బయటి ముఖానికి సీలెంటు పూయండి, లేకపోతే ఎండ తినేస్తుంది. ఏసీ నీళ్ల గొట్టం బయటికి వాలుతోందో లేదో ఫోమ్ కొట్టకముందే చూసుకోండి. ఇదే ఫోమ్ తలుపు చట్రం వెనక నిండా కొడితే చట్రం వంగి తలుపు పట్టేస్తుంది. పిచికారీ గొట్టంతో వచ్చే డబ్బా ఒకసారి తెరిస్తే మర్నాటికి గడ్డకడుతుంది. సందులన్నీ గుర్తు పెట్టుకుని ఒకే పూట పని ముగించండి. చేతికి తొడుగు తప్పనిసరి, అంటుకుంటే చర్మంతోనే పోవాలి.

తలుపు చుట్టూ అతికించే టేపుల్లో నల్ల స్పాంజి టేపు అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా దండుగ. ఒక ఎండాకాలానికి అణిగి పాపడ్‌లా అవుతుంది. ఈపీడీఎం రబ్బరుతో చేసిన, లోపల బోలుగా ఉండే డి ఆకారపు పట్టీ తీసుకోండి. మందం ఎంత కావాలో కొలవడానికి చపాతీ పిండి ముద్దను ప్లాస్టిక్ కాగితంలో చుట్టి చట్రానికి ఆనించి తలుపు వేయండి. తీశాక ముద్ద ఎంత మందం మిగిలిందో అదే మీ సందు. దానికంటే రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ ఉన్న పట్టీ కొనండి. పై మూలకూ కింది మూలకూ కొలత వేరుగా రావడం మామూలే, చెక్క వంగి ఉంటుంది. అతికించే ముందు చట్రాన్ని స్పిరిటుతో తుడవాలి. ఆయిల్ పెయింటు జిడ్డు మీద, దుమ్ము మీద ఏ పట్టీ నిలవదు. పడమటి ఎండ తగిలే తలుపుకు జిగురు మీద భరోసా పెట్టకుండా చిన్న మేకులు కూడా కొట్టండి.

తలుపు అడుగుకు గుడ్డ తొడుగులో రెండు ఫోమ్ గొట్టాలుండే రకం ఎక్కువ అమ్ముడవుతుంది. నున్నటి టైల్సు మీద అది బాగానే జారుతుంది. ఎగుడుదిగుడు తాండూరు బండల మీద పట్టుకుని చిరిగిపోతుంది. బండల ఇంటికి అల్యూమినియం పట్టీకి కుచ్చు బ్రష్షు ఉన్న రకం మేలు. జారే అల్యూమినియం కిటికీల్లో ఊలు కుచ్చు అరిగిపోతే పట్టాల వెడల్పు కొలిచి కొత్తది గాడిలోకి దూర్చొచ్చు, పెద్ద పని కాదు. కిటికీ అడుగు పట్టాలో నీళ్లు పోవడానికి చేసిన చిన్న రంధ్రాలను మాత్రం సిలికాన్‌తో మూసేయొద్దు. వాన నీళ్లు గదిలోకి దిగుతాయి. పైన జాలీ వెంటిలేటరు ఉంటే ఏసీ గదిలో దానికి తీసి పెట్టుకునే అక్రిలిక్ పలక చేయించండి, శాశ్వతంగా గిలాబు చేసి మూయొద్దు.

ఇప్పుడు వద్దనాల్సిన చోట్లు. కూలర్ గదిలో సీళ్లు వేయకండి. కూలర్ తోసే తడిగాలి బయటికి పోవడానికి ఎదురుగా కిటికీ తెరిచి ఉండాలి, లేకపోతే అరగంటలో ఉక్కపోత మొదలవుతుంది. గ్యాస్ గీజరున్న బాత్‌రూము, గ్యాస్ పొయ్యి ఉన్న వంటగదిని ఎప్పుడూ బిగించొద్దు. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. నీళ్లు పోసే ఇన్వర్టర్ బ్యాటరీ ఏసీ గదిలో ఉంటే ముందు దాన్ని బయటికి మార్చండి. చార్జింగులో అది హైడ్రోజన్ వదులుతుంది. చిన్న గదిలో నలుగురు పడుకుంటే పడుకునే ముందు, నడిరాత్రి లేచినప్పుడు తలుపు కాసేపు తెరిచి గాలి మార్చడం మంచిది.

డబ్బు పెట్టే వరుస అడిగితే: మొదట ఏసీ గొట్టం రంధ్రం, తలుపు అడుగు, ఒక్క ఆదివారం పని. తర్వాత తెల్ల కోటింగు, ఉగాది లోపు. ఏసీని 24 డిగ్రీల మీద పెట్టి రెండు నెలల మీటరు రీడింగు పక్కన రాసుకోండి. అప్పటికీ ఏసీ అర్ధరాత్రి దాకా ఆగకుండా తిరుగుతుంటే, స్లాబు బరువు మోస్తుందని ఇంజినీరు చెప్తే, అప్పుడు ఎక్స్‌పీఎస్. కొత్తగా ఇల్లు కడుతున్నవాళ్లకు మాత్రం వరుస తిరగబడుతుంది. గడప ఎత్తు, నీళ్ల గొట్టాలు ఇంకా మేస్త్రీ చేతిలో ఉన్నప్పుడే షీటుకు నాలుగంగుళాలు వదిలించుకోండి.

తెల్ల కోటింగు ఎంత పనిచేసిందో చూడటానికి స్లాబు మీద రెండడుగుల గడి ఒకటి పూయకుండా వదిలేసి, పగలు మూడింటికి పూసిన చోటా పూయని చోటా గన్ను కొట్టి చూడండి. తెలుపు మీద, సిమెంటు మీద గన్ను నమ్మకంగానే చెప్తుంది. రాత్రి తొమ్మిదింటికి కింద సీలింగు మీద కూడా కొట్టి, కోటింగుకు ముందు అదే వేళ రాసుకున్న అంకెతో పోల్చండి. చూడటం అయ్యాక డబ్బాలో అడుగున మిగిలిన పూతతో ఆ గడి కూడా నింపేయండి.